కోడేరు వేప ముందే ఎందుకు పూసింది

వేపచెట్టు చూడటానికి హైదరాబాదు నుంచి కోడేరు దాకా వెళ్తున్నానంటే నా గదిలో ఉండే ఇద్దరూ నమ్మలేదు. "మన సందు చివర ఒకటి ఉంది కదరా" అన్నాడు ఒకడు. ఉంది. కానీ దాన్ని ఎవరూ రాయడం లేదు.

రాయడమంటే ఏమిటో ముందు చెప్పాలి. కొన్నేళ్లుగా నేనొక బృందంలో ఉన్నాను. అందులో టీచర్లు, రైతులు, దుకాణాల వాళ్లు, విద్యార్థులు, నాలాంటి ఉద్యోగులు ఉన్నారు. ఎవరికీ జీతం లేదు. ఒక్కొక్కరం ఒక చెట్టును ఎంచుకుంటాం. ప్రతి ఆదివారం అదే చెట్టు దగ్గర నిలబడి చిగురు, ముదురాకు, మొగ్గ, పువ్వు, కాయ, పండు ఒక్కొక్కటీ లేదా, కొద్దిగా ఉందా, నిండుగా ఉందా అని చూసి ఫోనులో నొక్కుతాం. తేనెటీగలు, సీతాకోకచిలుకలు, గూళ్లు కనిపిస్తే అవి కూడా. ఎండలూ వానలూ వేళ తప్పుతుంటే చెట్లు ఏం చేస్తున్నాయో తెలియాలంటే శాస్త్రవేత్తలకు ఇలాంటి రాత ఊరూరా, ఏళ్ల తరబడి కావాలి. ఊరూరికీ వాళ్లు వెళ్లలేరు. అందుకని మేం.

పాలమూరు దిక్కున మాకు వేపను రాసేవాళ్లు తక్కువ. వాళ్లలో కోడేరు ఖాజాబీ గారి చెట్టు ఒకటి మాకు చిక్కు తెచ్చింది. చుట్టుపక్కల వేపలన్నీ ఆకు రాలుస్తున్న రోజుల్లో అది చిగురిస్తుంది. మిగతావి చిగురించేటప్పటికి అది పూస్తుంది. ఒక ఏడాది కాదు, ప్రతి ఏడాదీ. దీనికి నాకు రెండు కారణాలు తోచాయి: ఒకటి, ఆ చెట్టు నిజంగానే అలాంటిది, రెండు, ఆవిడ చెట్టు చూడకుండా ఇంట్లో కూర్చుని నొక్కుతున్నారు. నా ఉద్యోగం కొలిచే పరికరాలు సరిగ్గా కొలుస్తున్నాయో లేదో పరీక్షించడం. అందుకేనేమో, బృందాన్ని నడిపే వనజ గారు ఈ పని నాకప్పగించారు. దారిలో అలంపూర్, వనపర్తి వేపల్ని కూడా చూసి పోల్చాలి. కోడేరు రాత నమ్మదగింది కాదనిపిస్తే చెట్టును జాబితాలోంచి తీసేసి, దానికి కట్టిన బిళ్లను వెనక్కి తేవాలి.

వస్తున్నానని ఖాజాబీ గారికి ఫోన్ చేసి, ఎందుకో కూడా చెప్పాను. 

"రండి సార్, చూడండ్రి" అన్నారు. "కానీ బిళ్ల మాత్రం తీస్కపోకండ్రి. అది ఉన్నదనే చెట్టును కొట్టకుండ ఆపిన్రు. బిళ్ల పోతే చెట్టు పోతది. చెట్టు పోతే మా హోటల్ ఎండల పడ్తది."

బిళ్లంటే అరచేయంత అల్యూమినియం రేకు. దాని మీద ఒక అంకె, ఈ చెట్టును పరిశీలనలో ఉంచామని ఒక వాక్యం. మేకు కొట్టం, స్ప్రింగు తీగతో కడతాం. ప్రభుత్వంతో దానికి సంబంధం లేదు. అది ఒక చెట్టును కాపాడుతోందని నాకు అప్పటిదాకా తెలియదు.

సంచిలో పెట్టుకున్నవి: కొలత టేపు, చెట్టు ఎత్తు చూసే చిన్న పరికరం, దూరం చూసే అద్దాలు, రెండు నీళ్ల సీసాలు, తీగ కత్తిరించడానికి కటింగ్ ప్లేయర్. మర్చిపోయింది: టోపీ.

గద్వాల

మహబూబ్‌నగర్ దాటాక రైలు కిటికీలోంచి మోదుగలు కనబడ్డాయి. ఆకు లేదు, కొమ్మ నిండా పువ్వే. నేను కిటికీకి అతుక్కుని రాసుకుంటుంటే ఎదురు సీటులోని పెద్దావిడ నన్ను చాలాసేపు చూసి, "ఇన్సూరెన్సా?" అని అడిగింది. కాదన్నాను. ఆవిడ గద్వాలలో దిగి రాయచూరు బండి ఎక్కాలట. తన పక్కన కొత్తగా వచ్చి నిలబడ్డ మనిషిని "బన్ని, కూత్కొళ్ళి" అని కన్నడంలో పిలిచి చోటిచ్చి, వెంటనే నా వైపు తిరిగి తెలుగులో, "మరి లెక్కలేంది?" అంది. పువ్వుల లెక్క అన్నాను. ఆవిడ మళ్లీ కన్నడంలోకి వెళ్లిపోయింది.

స్టేషను బయట ఉగ్గాని తిన్నాను. నేను తెనాలి వాణ్ణి. మా వైపు మరమరాలంటే సాయంత్రం పొట్లం కట్టించుకుని నములుతూ నడవడమే. ఇక్కడ వాటిని నీళ్లలో ముంచి, గట్టిగా పిండేసి, ఉల్లిపాయ, పసుపు, పోపు వేసి, పుట్నాల పొడి చల్లి పొద్దుటి పలహారంగా పెడతారు. పక్కన మిరపకాయ బజ్జీ ఉండి తీరాలి. ముప్పై రూపాయలు.

"బజ్జీ కారంగా ఉంటుందా?" అని అడిగాను.

ప్లేటు పట్టుకున్న కుర్రవాడు నవ్వలేదు. "మీది గుంటూరు దిక్కని మాటలనే తెలుస్తున్నది. మీకు గూడ భయమైతే మేమేం కావాలన్నా?"

తిన్నాను. కళ్లు తుడుచుకోవడానికి అక్కడే ఒక తువ్వాలు కొన్నాను. మిగతా ప్రయాణమంతా అదే నా టోపీ.

అలంపూర్

వీరేశం గారికి గుడికి వెళ్లే దారిలో పటాల దుకాణం ఉంది. దేవుళ్ల ఫోటోలు, పెళ్లి ఫోటోలు, పోయినవాళ్ల ఫోటోలు ఆయనే అద్దం కోసి చట్రం కడతారు. యాభై దాటిన మనిషి. దుకాణం వెనక ఖాళీ జాగాలో ఆయన వేప ఉంది. దాని మానును తట్టి, ఆ తర్వాత తన ఛాతీ దాకా చెయ్యి ఎత్తి చూపించారు.

"రెండువేల తొమ్మిదిల వరద ఇంతెత్తు వచ్చింది. షాపుల దేవుళ్లందరు తుంగభద్రల కొట్టుకపోయిన్రు. మల్ల కర్నూలుకు పోయి కొత్త దేవుళ్లను తెచ్చుకున్న. చెట్టు మాత్రం పాతదే."

ఆ చెట్టు ఉన్న స్థితి: సగం ఆకు పసుపు, గాలి వీచినప్పుడల్లా రాలుతోంది. కొమ్మల కొసల్లో రాగిరంగు చిగురు కొద్దిగా. మొగ్గ లేదు, పువ్వు లేదు. ఆ ఆదివారం పొద్దున ఆయన నొక్కింది కూడా ఇదే.

మా బృందానికి ఫోనులో ఒక గ్రూపు ఉంది. ఏడాదిలో మొదటి వేపపువ్వు కనిపించినవాళ్లు దాని ఫోటో పెడతారు, అందరూ అభినందనలు చెబుతారు. ఉగాది పచ్చడి దగ్గరపడే రోజులు కాబట్టి ఆ ఫోటో కోసం ఎదురుచూస్తారు కూడా. నాలుగేళ్లుగా ఆ ఫోటో ఖాజాబీ గారిదే. వీరేశం గారికి ఇది మింగుడుపడలేదని అర్థమైంది.

"మేం ఇంక ఆకు ఊడుస్తుంటే ఆయమ్మ పూత అంటది" అన్నారు. "మీది అలంపూర్, నదొడ్డు, మీకెందుకు పూయదని మా తమ్ముడు నన్నే అడుగుతడు. చెట్టును నేనేమన్న పట్టుకున్ననా? మీరు పోయి చూసి ఉన్నది ఉన్నట్టు చెప్పుండ్రి."

"ఆవిడ రాత తప్పైతే చెట్టును తీసేస్తాం. తీసేస్తే దాన్ని కొట్టేస్తారట."

ఆయన చేతిలోని అద్దం ముక్కను బల్ల మీద పెట్టారు. "కొట్టేస్తరా? నాకు ఫస్టు ప్రైజు అక్కర్లేదు గాని, చెట్టును కొట్టుడెందుకు" అన్నారు. మధ్యాహ్నం అన్నం ఆయన ఇంట్లోనే. పప్పు, ఉల్లిగడ్డ కారం, చల్ల. తినే లోపల రెండుసార్లు అదే మాట అన్నారు.

వనపర్తి

జాతీయ రహదారి మీద బస్సు మారి వనపర్తి చేరేసరికి మార్కెట్టు దారంతా పల్లికాయ బస్తాలు. వేరుశనగను ఇక్కడ పల్లికాయ అంటారు. యాసంగి పంట చేతికొచ్చే రోజులు. తడి మట్టి వాసన బస్సులోకి కూడా వచ్చింది.

ఇక్కడ వేపను రాసేది శ్రీశైలం అనే ఆటో డ్రైవరు, నాకంటే కొంచెం పెద్ద. చెట్టు ఆటో స్టాండు వెనకే ఉంది. నేను వెళ్లింది ఆదివారం కావడంతో ఆయన రాసే పద్ధతి కళ్లారా చూశాను. దాన్ని మా శిక్షణలో ఎవరూ నేర్పలేదు. స్టాండులోని డ్రైవర్లంతా చెట్టు కింద చేరతారు. శ్రీశైలం ఒక్కొక్క అంశం చదువుతాడు. చేతులెత్తి తేలుస్తారు.

"ముదురాకు. లేదా, కొద్దిగనా, నిండుగనా?"

"కొద్దిగ."

"యాడుందిరా కొద్దిగ? ఆ కొసకు నాలుగాకులుంటే కొద్దిగనా?"

"నాలుగుంటే కొద్దిగనే అంటరు. నీ నెత్తిమీద ఉన్నయ్ చూడు, గట్ల."

బట్టతల డ్రైవరు కూడా నవ్వాడు. కొద్దిగా అని తేలింది. చిగురు లేదు, మొగ్గ లేదు. ఓట్లతో కొలత తేల్చడం నా ఉద్యోగానికి పూర్తిగా విరుద్ధం. అయినా నేను విడిగా అద్దాలతో చూసి రాసుకున్నదానికీ వాళ్లు తేల్చినదానికీ తేడా రాలేదు. చెట్టు దాదాపు బోసిగా ఉంది.

రాత్రి భోజనానికి శ్రీశైలం ఒక ఇంటి ముందు ఆపాడు. అరుగు మీద పొయ్యి, ఒకావిడ చేత్తో తట్టి జొన్నరొట్టెలు కాలుస్తోంది. రొట్టె పదిహేను రూపాయలు, మేం గోంగూర అనే పుంటికూర పప్పు, పల్లికారం ఎంత వేసుకున్నా దానితో పాటే. మా తెనాలిలో రాత్రి అన్నం లేకపోతే ఎవరికో ఒంట్లో బాగాలేదని అర్థం. నేను రొట్టెను రెండు చేతులతో చించుతుంటే ఆవిడ, "కాయితం చింపుతున్నవా తమ్మీ, ఒక్క చేత్తో తుంచు" అంది.

కోడేరు సంగతి శ్రీశైలానికి తెలుసు. "ఆమెను పరేషాన్ చెయ్యకండ్రి సార్" అన్నాడు. "ఎండకాలంల నేను కోడేరు బాడిగ పోతే గా చెట్టు కిందనే ఆగుత. ఆ దారిల గదొక్కటే నీడ."

బిజినేపల్లి

ఇక్కడ బస్సు మారాలి. బస్సు రావడానికి సమయముంది కదా అని రోడ్డు పక్కన ఒక చింతచెట్టు చుట్టుకొలత తీయబోయాను. చింతపండు కాలం. అరుగు మీద ముగ్గురు ఆడవాళ్లు పెంకు ఒలిచి, గింజ తీసి కుప్ప వేస్తున్నారు. టేపు చాపగానే ముగ్గురి చేతులూ ఆగాయి.

"సార్, ఎంతమేర పోతది?" అంది ఒకామె.

"ఏది?"

"రోడ్డుకు. మా అరుగు పోతదా, గోడ గూడ పోతదా?"

సర్వే కాదని చెప్పాను. అప్పటికే పక్కింట్లోంచి ఒక పెద్దాయన, సైకిలు షాపులోంచి ఇద్దరు వచ్చారు. టేపు, మెడలో అద్దాలు, చేతిలో కాగితం. నన్ను నేను చూసుకున్నా సర్వే వాడిలాగే ఉన్నాను. చెట్ల పూత, కాత రాసుకునే పని అని వివరించాను.

"చెట్టు పువ్వు చూడనీకె సర్కారు మనిషిని పంపుతదా?" అన్నాడు పెద్దాయన.

"సర్కారు కాదండి."

"మరి జీతమెవరిస్తరు?"

"ఎవరూ ఇవ్వరు."

"పెండ్లయిందా?"

"కాలేదు."

"గందుకే" అంది మొదట అడిగినామె, మళ్లీ చింతకాయ ఒలుస్తూ. తర్వాత జాలిపడి గుప్పెడు చింతపండు కాగితంలో చుట్టి ఇచ్చింది. డబ్బు తీసుకోలేదు. బస్సు కదిలేదాకా పెద్దాయన మాత్రం గోడ దగ్గరే నిలబడి నా సంచిని చూస్తూ ఉన్నాడు.

కోడేరు

నాగర్‌కర్నూల్ మీదుగా వెళ్లి కోడేరులో దిగాక చెట్టు కోసం ఎవరినీ అడగాల్సిన పని పడలేదు. రోడ్డుకు రెండు పక్కలా వేపలు బోసిగా ఉన్నాయి. ఒక్కటి మాత్రం పచ్చగా, గుబురుగా ఉంది. దాని కింద రేకుల షెడ్డు, పొయ్యి, బెంచీలు, బెంచీల నిండా జనం. ఆవిడ ఇంట్లో కూర్చుని నొక్కుతున్నారన్న అనుమానం బస్సు దిగిన చోటే పోయింది.

ఖాజాబీ గారు నలభై దాటిన మనిషి. కొంగు తల మీదుగా కప్పుకుని చాయ్ గిన్నె దగ్గర నిలబడి ఉన్నారు. "మీరేనా సార్? మొదలు చాయ్ తాగుతరా, చెట్టు చూస్తరా?"

"చెట్టు."

"గట్లనే అంటరనుకున్న" అని, పొయ్యి భర్త జహంగీర్‌కు అప్పగించి వచ్చారు.

ఈ పని మొదలుపెట్టింది వాళ్ల అమ్మాయట. డిగ్రీ చదివేటప్పుడు కాలేజీ తరఫున చెట్టును రాసేది. నర్సు ఉద్యోగానికి హైదరాబాదు వెళ్తూ, ఫోనులో బొమ్మలు చూపించి తల్లికి నేర్పింది. ఖాజాబీ గారు చదివింది ఏడో తరగతి. ప్రతి ఆదివారం గిరాకీ తగ్గాక నాలుగు దిక్కులా నిలబడి చూస్తారు. ఆరోజు కూడా అలాగే నిలబడి చూపించారు. నేను అద్దాలతో చూశాను. ఆకు నిండుగా, మొగ్గలు నిండుగా, పువ్వు కొద్దిగా, తేనెటీగలు ఉన్నాయి. ముందురోజు, ఆదివారం, ఆవిడ నొక్కింది అక్షరాలా ఇదే. ఆ మాటే చెప్పాను.

"సునే? సహీ హై బోల్రే" అని, రాత సరైనదేనంటున్నారని, ఆవిడ భర్తకు వినపడేలా ఉర్దూలో అన్నారు. ఆయన గ్లాసులు కడుగుతూ తలూపాడు.

రాత నిజం. అయితే ఎందుకు ముందుగా? చెట్టు చుట్టూ తిరిగాను. మాను మొదలు చుట్టూ మట్టి నల్లగా, మెత్తగా ఉంది. వేలు పెడితే దిగింది. గడ్డి కూడా పచ్చగా ఉంది. రోడ్డుకు అవతలి వేప కింద నేల పగుళ్లు వారి ఉంది.

"దీనికి నీళ్లు పోస్తారా అమ్మా?"

"వేపచెట్టుకు నీళ్లెవరు పోస్తరు సార్? అదేమన్న గులాబా?"

ఏటా మా ఫోను కూడా ఇదే ప్రశ్న అడుగుతుంది. పరిశీలించే చెట్టుకు నీళ్లు, ఎరువు పెట్టకూడదన్నది మా మొదటి నియమం. ఏటా ఆవిడ లేదనే నొక్కారు. నేను బెంచీ మీద కూర్చుని చాయ్ తీసుకున్నాను. పది రూపాయలు, అల్లం ఎక్కువ. అంతలో జహంగీర్ ముందున్న తొట్టిలో కడుగు నీళ్లు మురికెక్కాయి. ఆయన తొట్టి ఎత్తి, చూడను కూడా చూడకుండా చెట్టు మొదట్లో కుమ్మరించాడు. వెనకే వాడిన చాయ్ పత్తి విదిలించాడు. మళ్లీ బోరింగు నీళ్లు పట్టుకొచ్చి కూర్చున్నాడు. రోజూ చేసే పనిలో ఉండే తీరే అది.

నేను చూడటం ఖాజాబీ గారు చూశారు.

"అవి నీళ్లు కావు సార్" అన్నారు, కొంచెం ఆగి. "గ్లాసులు కడిగినయ్."

ఆ తర్వాత ఇద్దరం చెట్టు మొదలు వైపే చూశాం. ఆవిడకు నేను విడమరచి చెప్పాల్సిన అవసరం పెద్దగా రాలేదు.

"అంటే నాలుగేండ్లు రాసింది తప్పా?"

"తప్పు రాయలేదు. మీరు చూసింది చూసినట్టే రాశారు. కాకపోతే, వానలు వెనకబడితే వేప ఏం చేస్తుందో తెలుసుకోవాలని మేం రాయిస్తున్నాం. ఈ చెట్టుకు వాన వెనకబడ్డా మీ తొట్టి వెనకబడదు. ముందు పూయడానికి అదే కారణమని ఒక్క చెట్టును చూసి నేను ఖాయంగా అనలేను. కానీ మిగతావాటితో కలిపి దీన్ని లెక్కించలేం."

"బిళ్ల?"

నేను జవాబు చెప్పేలోపల పక్క దుకాణం మనిషి వచ్చాడు. ఎరువుల దుకాణం వెంకట్రాములు. ఆయన వచ్చిన తీరు చూస్తే చాలాసేపటి నుంచి మమ్మల్నే గమనిస్తున్నట్టుంది.

"బిళ్ల తీస్తున్నరా సార్?"

"నీకెవరు చెప్పిన్రు?" అన్నారు ఖాజాబీ గారు.

"ఎవరు చెప్పాలె ఖాజాబీ? సార్ సంచిల ప్లేయర్ కనవడ్తలేదా?" నా వైపు తిరిగాడు. "నేనేం చెట్టుకు పగోణ్ని కాదు సార్. నా బోర్డు కనవడదు. కొత్తోళ్లు దుకాణం దాటిపోయి మల్ల ఫోన్ చేస్తరు, యాడున్నవని. ఆకంత నా బస్తాల మీద వడ్తది. కొట్టేస్తమని దరకాస్తు పెడితే, సైన్సు బిళ్ల ఉన్నది, జర ఆగమన్నరు పంచాయితిల. బిళ్ల పోతే మల్ల పెడ్త. దాచిపెట్టేదేముంది."

నిజానికి ఆయన మాటలో దాపరికం ఏమీ లేదు. నేను పక్కకు వెళ్లి వనజ గారికి ఫోన్ చేశాను. ఆవిడ అంతా విని, "నియమంలో లేని చెట్టు మీద మన బిళ్ల ఉండకూడదు. ఒకచోట ఉంచితే అందరూ అడుగుతారు. తీసుకొచ్చెయ్" అన్నారు. మాట గట్టిగా వినిపించింది కాబోలు, నేను తిరిగేసరికి ఖాజాబీ గారు వెనకే ఉన్నారు.

"నీళ్లు ఆపితే?" అన్నారు. "అడుగుండ్రి సార్. ఇయ్యాల్టి నుంచి ఆపితే?"

అడిగాను. వనజ గారు కొంచెం ఆలోచించారు. "ఆపితే నియమంలో ఉన్నట్టే. పాత రాత పక్కన వేరుగా ఉంటుంది, కొత్తది ఇవాళ మొదలవుతుంది. బిళ్ల ఉంచవచ్చు. కానీ రోజూ ఆపాలి. ఆదివారం ఒక్కరోజు కాదు."

ఇందులో ఉన్న నష్టం కూడా చెప్పడం నా బాధ్యత అనిపించింది. వచ్చే ఏడాదో ఆపై ఏడాదో ఇదే రోజులకు ఈ చెట్టు కూడా రోడ్డవతలి చెట్టులాగా బోసిగా నిలబడవచ్చు. ఎండ ముదిరే వేళకే నీడ ఉండదు. అది చెప్పాక ఆవిడ తలెత్తి కొమ్మల్లోకి చూశారు.

"ఎన్ని దినాలు?"

"ఖాయంగా చెప్పలేను. ఆకు రాలి, చిగురు నిండేదాకా."

"గిరాకీ పోతది" అన్నాడు జహంగీర్. ఆయన మాట్లాడటం అదే మొదటిసారి. "మురికి నీళ్ల మోరి రోడ్డవతల ఉన్నది. దినానికి ఎన్ని తొట్లు మొయ్యాలె? నా మోకాళ్లు పోయినయ్."

"నీకు మోకాళ్లు రెండున్నయ్. చెట్టు ఒక్కటే ఉన్నది" అన్నారు ఖాజాబీ గారు. "కొన్ని దినాలు గిరాకీ పోతే తట్టుకుంటం. చెట్టే పోతే ఎన్ని దినాలు తట్టుకుంటవు?"

ఆయన మళ్లీ గ్లాసుల మీదికి వంగాడు. వెంకట్రాములు అందుకున్నాడు. "మరి ఆకు ఇంక ఎక్కువ రాల్తది గద. నా బస్తాల సంగతి?"

"నీ దుకాణం ముందర గూడ నేనే ఊడుస్త."

"బోర్డు?"

"బోర్డు రోడ్డు దిక్కు జరుపుకో. దానికి కాళ్లున్నయా, చెట్టుకున్నయా?" అంటూనే ఆవిడ ఒక గ్లాసు నింపి ఆయన చేతికిచ్చారు. "ఇప్పుడు యాడ కూసోని తాగుతవు, చెప్పు."

వెంకట్రాములు గ్లాసు పట్టుకుని అటూ ఇటూ చూశాడు. తన దుకాణం ముందు ఎండ రేకుల మీద మెరుస్తోంది. బెంచీ మీద నా పక్కన కూర్చున్నాడు. "దరకాస్తు పెట్టనని నేననలే" అని నాతో అన్నాడు. చాయ్ మాత్రం నిదానంగా తాగాడు.

తొట్టి మళ్లీ నిండింది. జహంగీర్ అలవాటుగా చెట్టు వైపు ఒక అడుగు వేసి ఆగాడు. తర్వాత తొట్టి ఎత్తుకుని రోడ్డు దాటాడు. మధ్యలో ఒక బైకు హారన్ కొట్టింది, సగం నీళ్లు రోడ్డు మీదే పోయాయి. మిగతావి మోరిలో పోసి వచ్చి, భార్య వైపు చూడకుండా కూర్చున్నాడు.

"సార్" అన్నాడు కొద్దిసేపయ్యాక నాతో, గొంతు తగ్గించి. "నమాజుకు ముందర ఇక్కడనే వజూ చేస్కుంట. చేతులు, మొఖం, కాళ్లు. గా నీళ్లు గూడనా?"

నేను నియమాన్ని మనసులో ఒకసారి చదువుకున్నాను. "అవి కూడానండి."

"హౌ" అని సరేనన్నట్టు తలూపాడు. లోటాను చెట్టు దగ్గర్నుంచి తీసి షెడ్డుకు అవతలి పక్కన, మెట్టు మీద పెట్టాడు.

నేను బిళ్ల తీగ బిగుతు ఒకసారి చూశాను. మాను లావెక్కింది, తీగ కొంచెం వదులు చేయాల్సి వచ్చింది. ప్లేయర్‌తో ఆ పని చేసి సంచిలో వేసుకున్నాను. చాయ్ డబ్బులు ఎంత చెప్పినా తీసుకోలేదు. బిజినేపల్లి చింతపండు పొట్లం అక్కడే ఇచ్చేసి వచ్చాను.

తిరిగి వచ్చాక

మా ప్రశ్న మార్చాం. "నీళ్లు పోస్తున్నారా?" అని ఉన్నదాన్ని తీసేసి, గిన్నెలు, బట్టలు, బండ్లు కడిగిన నీళ్లు గానీ, స్నానం నీళ్లు గానీ, మోరి నీళ్లు గానీ చెట్టు మొదలును తాకుతున్నాయా అని విడివిడిగా అడిగాం. బృందంలో అందరికీ పంపాం. వనపర్తి నుంచి మొదటి జవాబు వచ్చింది: "ఆదివారం ఆటోలు చెట్టు కిందనే కడుగుతం సార్. ఇది గూడ లెక్కనేనా? స్టాండుల ఓటు పెట్టిన, లెక్కనే అని తేలింది." ఇంకా కొన్ని ఊళ్ల నుంచి అలాంటివే వచ్చాయి. ఎన్ని రాతలు పక్కన పెట్టాలో వనజ గారు ఇంకా చూస్తున్నారు. పని పెరిగిందని ఆవిడ నా మీద కొంచెం కోపంగానే ఉన్నారు.

ఈ ఏడాది గ్రూపులో మొదటి పువ్వు ఫోటో వీరేశం గారిది. కోడేరులో అప్పటికే పువ్వు నిండుగా ఉంది. ఆ సంగతి నాకు తెలుసు, ఖాజాబీ గారికి తెలుసు. ఆవిడ ఫోటో పెట్టలేదు. వీరేశం గారికి అందరికంటే ముందు అభినందనలు చెప్పింది ఆవిడే.

వెంకట్రాములు దరఖాస్తు మళ్లీ పెట్టలేదట. పెట్టనని కూడా చెప్పలేదట. బోర్డు ఇంకా పాత చోటే ఉంది.

మార్చి చివర్లో ఒక సాయంత్రం పాలమూరు అంతటా కాలం కాని వాన పడింది. మర్నాడు పొద్దున్నే, ఆదివారం కాకపోయినా, ఖాజాబీ గారు ఒక మాట రికార్డు చేసి పంపారు. వెనక గ్లాసుల చప్పుడు వినపడుతోంది.

"సార్, నిన్న గట్టి వాన పడ్డది. చెట్టు మొదలంత తడిసింది. పొద్దుగాల ఎవరన్న వచ్చి చూస్తే మేమే పోసినమనుకుంటరు. ఆ నీళ్లు మేం పొయ్యలే. రాసుకోండ్రి."